ర్యాంకు బాగున్న రోజుల్లోనే జరిగే నష్టం

మా పెద్దనాన్నగారి కోడలు, నాకు వదిన, చాలా ఏళ్లుగా ఒక తెలుగు వంటల సైటు నడుపుతోంది. అన్నీ గోదావరి జిల్లాల ఇంటి వంటలే. పనసపొట్టు కూర, కంద బచ్చలి, దప్పళం, అట్లతద్దికి చేసే వంటలూ. మొన్న ఫోన్ చేసి, "డొమైన్ రెన్యువల్ మెయిల్ వచ్చింది. కట్టమంటావా, వదిలెయ్యమంటావా?" అని అడిగింది. సైటు పేరు (డొమైన్) మన దగ్గరే ఉండటానికి కట్టాల్సింది పెద్ద మొత్తమేమీ కాదు. ఒకప్పుడు రోజుకి వేలమంది వచ్చిన సైటుకి ఇప్పుడు వందమంది రావడం కూడా కష్టంగా ఉంది. ఎవరూ చదవని చోట ఇంకా రాయడం ఎందుకని ఆవిడ అడుగుతోంది.

చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తాయి. అందరూ చెప్పేది దాదాపు ఒకటే: బాగా నడిచేది, సెర్చ్‌లో ఏదో అప్‌డేట్ వచ్చింది, పడిపోయింది. వింటే నష్టం ఆ పడిపోయిన రోజునే మొదలైనట్టు ఉంటుంది. దగ్గరుండి చూసినవాడిగా నా అభిప్రాయం వేరు. సెర్చ్ ర్యాంకుల మీదే, అంటే వెతికినప్పుడు ఫలితాల్లో ఎంత పైన కనిపిస్తామన్నదాని మీదే, బతికే సైటుకి అసలు నష్టం ర్యాంకు బాగున్న రోజుల్లోనే జరుగుతుంది. అప్పుడు డబ్బులు వస్తుంటాయి కాబట్టి కనపడదు. పడిపోయాక బయటపడుతుంది.

పనసపొట్టు కూర మారిన తీరు

మా వదిన మొదట్లో రాసిన పనసపొట్టు పోస్టు నాకు బాగా గుర్తుంది. పైన "పనసపొట్టు కూర" అని మూడు ముక్కల్లో పేరు. మొదటి వాక్యంలోనే పనిలోకి దిగిపోయేది: కాయ కొట్టేముందు చేతులకీ కత్తికీ నూనె రాసుకోండి, లేకపోతే జిగురు ఒక పట్టాన వదలదు. ఆ తర్వాత పొట్టు సన్నగా కొట్టడం, పసుపూ ఉప్పూ వేసి ఉడికించి నీళ్లు పిండెయ్యడం, చింతపండు పులుసు, పోపు. చివర్న ఆవ గురించి ఒక పేరా. ఆవముద్ద పొయ్యి మీద ఉండగా కలపొద్దు, చేదెక్కుతుంది. దింపి, వేడి తగ్గాక, కాస్త పచ్చినూనెతో కలపండి అని.

ఆ పోస్టు దానంతటదే సెర్చ్‌లో మొదటి పేజీకి వచ్చింది. 2018లో తెలుగు పేజీలకి కూడా గూగుల్ ప్రకటనల సర్వీసు యాడ్‌సెన్స్ రావడంతో ఆ వచ్చేవాళ్ల వల్ల నెలనెలా కొంత డబ్బు చేతికి అందడం మొదలైంది. ఇంటికి సరుకులు తెచ్చుకునేంత. తనకి వచ్చిన పనితో, ఎవరినీ అడగకుండా, ఇంట్లో కూర్చుని సంపాదించిన డబ్బు. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు.

మార్పు అక్కడి నుంచే మొదలైంది. జనం ఏ మాటలు కొట్టి సైటుకి వస్తున్నారో చూసుకోవచ్చని ఎవరో చెప్పారు. ఆవిడ చూడటం మొదలుపెట్టింది. మనవాళ్లలో చాలామంది తెలుగు వంటని కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతుకుతారు. కూరకి రెండు ఓలు వేసి ఒకరు, ఒక్క యూ వేసి ఒకరు, పనసకీ పొట్టుకీ మధ్య ఖాళీ వదిలి ఒకరు. ఆ స్పెల్లింగులన్నీ పోస్టు అడుగున వరసగా పేర్చింది. మూడు ముక్కల పేరు కాస్తా "పనసపొట్టు కూర తయారీ విధానం, ఉపయోగాలు, ఇంట్లోనే సులభంగా" అయింది. పైన "పనసపొట్టు అంటే ఏమిటి?" అని రెండు పేరాలు వచ్చాయి. పోషకాల పట్టిక ఒకటి వచ్చింది. కింద ప్రశ్నలూ జవాబులూ వచ్చాయి. నూనె రాసుకోమన్న వాక్యం ఎక్కడో ఎనిమిదో పేరాకి దిగిపోయింది. ఆవ పేరా మొత్తానికే పోయింది. "దాన్ని ఎవరూ వెతకడం లేదు కదా" అంది వదిన.

నా మనసు ఈ మాట దగ్గరే ఆగిపోతుంది. నిజమే, ఆవ ఎప్పుడు కలపాలని ఎవరూ వెతకరు. వెతకాలంటే అలాంటి సంగతి ఒకటి ఉందని ముందు తెలియాలి కదా. కూర చేదెక్కినవాళ్లు పనసకాయ ముదిరిందేమో అనుకుంటారు తప్ప ఆవ మీదికి అనుమానం పోదు. సెర్చ్ లెక్కలు ముందు పెట్టుకుని రాసేవాళ్లు పాఠకుడు అడిగినదానికే జవాబు చెప్తారు. అడగాలని కూడా అతనికి తెలియని సంగతి వాళ్ల చేతిలో ఉన్నా పోస్టులోకి రాదు. అనుభవం ఉన్నవాళ్లు రాయడంలో ఉన్న లాభమంతా ఆ సంగతుల్లోనే ఉంది.

తర్వాత కొత్త పోస్టుల ఎంపిక కూడా మారింది. పనసాకులతో బుట్టలు కుట్టి, అందులో పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కల గురించి ఫోటోలతో రాయాలని ఎప్పటి నుంచో అనుకుంటోంది. వెతికేవాళ్లు తక్కువని పక్కన పెట్టింది. దాని బదులు బరువు తగ్గడానికి ఓట్స్ ఉప్మా రాసింది. ఆ ఇంట్లో ఓట్స్ వండగా నేను ఎన్నడూ చూడలేదు. ఆ పోస్టుకి జనం బాగానే వచ్చారు. వచ్చినవాళ్లలో ఒక్కరూ మళ్లీ రాలేదు. ఓట్స్ ఉప్మా కోసం తిరిగి మా వదిన దగ్గరికే రావాల్సిన అవసరం వాళ్లకి ఏముంటుంది?

పెద్ద కంపెనీలోనూ ఇదే

వంటింట్లో జరిగిన ఈ పనినే అమెరికాలో డిమాండ్ మీడియా అనే కంపెనీ ఫ్యాక్టరీ స్థాయిలో చేసింది. జనం ఏం వెతుకుతున్నారు, ఆ మాట మీద ప్రకటనలు ఇచ్చేవాళ్లు ఎంత కడుతున్నారు అనే లెక్కలు వేసి, ఏ వ్యాసం రాయించాలో సాఫ్ట్‌వేరే తేల్చేది. రాసేవాళ్లకి వ్యాసానికి పదిహేను డాలర్ల చొప్పున ఇచ్చేవాళ్లు. ఏ పని ఎలా చేసుకోవాలో చెప్పే వాళ్ల ఈహౌ సైటు అలా లక్షల వ్యాసాలతో నిండిపోయింది. 2011 జనవరిలో ఆ కంపెనీ న్యూయార్క్ స్టాక్ మార్కెట్లో లిస్టయినప్పుడు దాని విలువ న్యూయార్క్ టైమ్స్ కంపెనీని దాటింది. వందేళ్లు దాటిన పత్రిక కంటే వెతుకులాటల పట్టికకే ఎక్కువ ధర పలికింది.

మరుసటి నెలలోనే గూగుల్, సరుకు లేని పేజీలను కిందికి దించే పాండా అప్‌డేట్ తెచ్చింది. అమెరికాలో జరిగే వెతుకులాటల్లో 12 శాతం దాకా ఫలితాలు మారతాయని కంపెనీయే ప్రకటించింది. ఈహౌ మొదటి దెబ్బ తప్పించుకున్నట్టే కనిపించింది కానీ ఏప్రిల్‌లో వచ్చిన మలి విడతలో బాగా దెబ్బతింది. ఆ తర్వాత డిమాండ్ మీడియా పాత వైభవం చూడలేదు. 2016లో పేరు కూడా మార్చుకుంది.

ఇక్కడ నేను ఒక సంగతి ఒప్పుకోవాలి. పాఠకుడిగా చూస్తే పాండా మంచి పనే చేసింది. పంపు లీకవుతుంటే ఎలా బాగుచేసుకోవాలని వెతికితే, పంపు ముట్టుకోనివాళ్లు అరగంటలో రాసిన వ్యాసం దొరకడం ఎవరికీ ఉపయోగం కాదు. కాబట్టి సెర్చ్ కంపెనీలు నియమాలు మార్చకూడదని నేను అనలేను. మార్చకపోతే మోసగాళ్లదే రాజ్యం. 2022 ఒక్క ఏడాదిలోనే సెర్చ్‌లో నాలుగు వేలకు పైగా మార్పులు చేశామని గూగుల్ చెప్పుకుంది. మార్పు ఆగదు. ఎవరి ర్యాంకూ శాశ్వతమని ఎవరూ హామీ ఇవ్వలేదు.

అయితే చాలామంది ఇక్కడి నుంచి ఒక తప్పుడు నిర్ణయానికి వస్తారు. "చెత్త రాసినవాళ్లు పడిపోయారు, మనం మంచిగా రాస్తే మనకేం భయం" అని. హౌస్‌ఫ్రెష్ సంగతి చూస్తే ఆ ధీమా నిలవదు. ఇంట్లో గాలి శుభ్రం చేసే మిషన్లు కొని, వాటిని తామే నడిపి, కొలతలు తీసి రాసే చిన్న బృందం అది. సొంత ఫోటోలు, సొంత పరీక్షలు, రాసినవాళ్ల పేర్లు. సెర్చ్ కంపెనీ ఇచ్చే సలహాల్లో ఉన్నవన్నీ వాళ్ల దగ్గర ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో వాళ్లు ఒక పెద్ద వ్యాసం రాశారు. మిషన్లు పరీక్షించినట్టు ఆధారాలేమీ చూపని పెద్ద పత్రికల సైట్లు తమను దాటి పైకి ఎలా వెళుతున్నాయో ఒక్కొక్కటీ చూపించారు. కొద్ది నెలల్లోనే, సెర్చ్ నుంచి వచ్చే జనంలో 90 శాతానికి పైగా పోగొట్టుకున్నామని మళ్లీ రాయాల్సి వచ్చింది. బాగా రాయడం అవసరం. అది రక్షణ ఇస్తుందని మాత్రం నమ్మొద్దు.

ఎవరిని అడగాలి

మా వదిన సైటు పడిపోయినప్పుడు ఇంట్లో అందరికీ టెన్షన్. వచ్చేవాళ్ల లెక్క చూపే గ్రాఫు కొండ అంచు నుంచి జారినట్టు ఒక వారంలో కిందికి దిగిపోయింది. ఎందుకు పడిందని ఎవరినైనా అడుగుదామంటే అడగడానికి మనిషి లేడు. కరెంటు బిల్లు ఎక్కువొస్తే వెళ్లి గొడవపడటానికి ఒక ఆఫీసుంటుంది. ఇక్కడ అదీ లేదు. కన్సల్టెంట్లు మాత్రం చాలామంది దొరికారు. పోస్టులు పొట్టిగా ఉన్నాయి, పెంచమని ఒకరన్నారు. పొడుగు ఎక్కువైంది, తగ్గించమని ఇంకొకరన్నారు. పాత పోస్టులు ఎవరూ చదవడం లేదు, వాటి వల్లే మొత్తం సైటుకి మార్కులు పడటం లేదు, తీసెయ్యమని మూడో మనిషి గట్టిగా చెప్పాడు. ఆవిడ మూడో మనిషి మాట వింది.

ఇది ఆయనొక్కడి వింత ఆలోచనేమీ కాదు. 2023లో సీనెట్ లాంటి పెద్ద టెక్నాలజీ వార్తల సైటే సెర్చ్‌లో మెరుగవుతామని వేల సంఖ్యలో పాత వ్యాసాలు తొలగించింది. పాతవన్న కారణంతో తీసెయ్యడం వల్ల లాభం ఉండదని అప్పుడు గూగుల్ బహిరంగంగానే చెప్పాల్సి వచ్చింది. అంత పెద్ద సంస్థే ఊహల మీద నడుస్తుంటే మా వదినను ఏమనగలం?

తీసేసిన పోస్టులతో పాటు వాటి కింది కామెంట్లు కూడా పోయాయి. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పాత పనసపొట్టు పోస్టు కింద టెక్సస్ నుంచి ఒకావిడ రాసిన కామెంటు ఉండేది. అక్కడ డబ్బాల్లో దొరికే పచ్చి పనస ముక్కలు వాడొచ్చని, కాకపోతే ఉప్పునీళ్లు పోయేదాకా రెండుసార్లు కడగాలని, పోపులో ఉప్పు సగమే వెయ్యాలని. దాని కింద ఇంకొకరు, ఆ డబ్బాల్లో తియ్యటి పాకంలో వేసినవి కూడా ఉంటాయి, చూసి కొనుక్కోండని హెచ్చరిక. ఇవి మా వదినకి తెలిసిన సంగతులు కావు. కాకినాడలో కూర్చుని ఆవిడ రాయగలిగేవీ కావు. పాఠకులు తెచ్చి ఇచ్చినవి. ర్యాంకు లెక్కలో వాటికి విలువ లేదని ఎవరో ఊహిస్తే అవి పోయాయి.

పెద్దవాళ్లు కోర్టుకి వెళ్లగలరు కదా అంటారేమో. వెళ్లారు కూడా. బ్రిటన్‌లో ఆడమ్ రాఫ్, షివాన్ రాఫ్ అనే దంపతులు ఉద్యోగాలు మానేసి ఫౌండెమ్ అనే ధరల పోలిక సైటు పెట్టారు. 2006 జూన్‌లో ప్రారంభించిన రెండు రోజులకే గూగుల్ ఫలితాల్లో అది ఎక్కడో అడుగుకి పోయింది. వేరే సెర్చ్ ఇంజన్లలో మాత్రం మామూలుగానే పైన కనిపించేది. మొదట్లో వాళ్లు ఏదో పొరపాటనే అనుకున్నారు, చెప్తే సరిచేస్తారనుకున్నారు. ఆ అడ్డు తొలగడానికి మూడేళ్లు దాటింది. ఈలోగా యూరోపియన్ కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. కమిషన్ 2010లో విచారణ మొదలుపెట్టి, సొంత షాపింగ్ సర్వీసుని పైన పెట్టుకుని పోటీదారులను కిందికి నెట్టారని 2017లో తేల్చింది. 242 కోట్ల యూరోల జరిమానా వేసింది. గూగుల్ అప్పీలు మీద అప్పీలు చేస్తే 2024 సెప్టెంబరులో యూరప్ అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పునే నిలబెట్టింది.

వాళ్లే గెలిచారు. ఫౌండెమ్ మాత్రం 2016లోనే మూతపడింది.

మన దేశంలోనూ కాంపిటీషన్ కమిషన్ 2018 ఫిబ్రవరిలో సెర్చ్‌లో పక్షపాతం చూపిందని గూగుల్‌కి 135.86 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫిర్యాదు చేసినవాళ్లలో పెళ్లి సంబంధాల సైట్లు నడిపే మ్యాట్రిమోనీ డాట్ కామ్ ఉంది. ఫిర్యాదు ఇచ్చింది 2012లో. ఈ తీర్పులన్నీ కావాలి, వాటి కోసం పోరాడినవాళ్లంటే నాకు చాలా గౌరవం. కానీ వచ్చే నెల హోస్టింగ్ బిల్లు కట్టాల్సిన మనిషి వాటి మీద ఆశ పెట్టుకోలేడు.

పేరు తెలిసి వచ్చేవాళ్లు

మెటాఫిల్టర్ అనే అమెరికా చర్చల సైటు కథ మా వదినకి ఫోన్లోనే చెప్పాను. మాట్ హాగీ అనే ఆయన 1999లో మొదలుపెట్టాడు. సభ్యులు అడిగిన ప్రశ్నలకి సభ్యులే జవాబు చెప్పే విభాగం దానికి ప్రాణం. సెర్చ్ నుంచి వచ్చి ఆ జవాబులు చదివి వెళ్లిపోయే అపరిచితుల మీద వేసే ప్రకటనలే ప్రధాన ఆదాయం. 2012 నవంబరులో ఒక్క రాత్రిలో గూగుల్ నుంచి వచ్చే జనం దాదాపు 40 శాతం తగ్గారు. కారణం ఏమిటో తెలుసుకోలేక ఏడాదిన్నర కిందామీదా పడి, 2014 మేలో కొందరు ఉద్యోగులను తీసేయాల్సి వచ్చిందని హాగీ సభ్యులకి వివరంగా రాశాడు. ఆ తర్వాత జరిగిందే నాకు ముఖ్యం. సభ్యులు డబ్బులు వేసుకోవడం మొదలుపెట్టారు. నెలనెలా ఇచ్చేవాళ్లు తయారయ్యారు. ఆ సైటు ఇప్పటికీ ఉంది. అంతమంది అపరిచితులు వెళ్లిపోయినా అక్కడ నిలబడ్డవాళ్లు ఉన్నారు, ఎందుకంటే పదిహేనేళ్లుగా ఒకరికొకరు పేర్లతో తెలుసు.

తెలుగు బ్లాగుల్లో ఉన్నవాళ్లకి ఈ అనుభవం కొత్త కాదు. కొత్త బ్లాగు పోస్టులన్నీ ఒకేచోట చూపించే కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు వెలిగిన రోజుల్లో పొద్దున్నే కూడలి తెరిస్తే ఎవరెవరు ఏం రాశారో కనిపించేది. పాఠకుడు పోస్టు పేరు కంటే ముందు రాసినవాళ్ల పేరు చూసేవాడు. చదివేవాళ్లు కొద్దిమందే. కానీ ఒకవారం రాయకపోతే ఏమైందని అడిగేవాళ్లు. ఆ సంకలినులు కూడా చాలావరకు నిలవలేదు, అది నాకు తెలుసు. బ్లాగులు చదవడానికి చాలామంది వాడిన గూగుల్ రీడర్ 2013 జులైలో మూతపడింది. పాఠకులు ఫేస్‌బుక్కుకి వెళ్లిపోయారు. ఏ దారీ శాశ్వతం కాదన్నమాట వాస్తవమే. దారి మూసుకున్నాక కూడా వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉన్నారా లేదా అన్నదే నేను చూసేది. 1998 నుంచి నడుస్తున్న ఈమాట అనే వెబ్ పత్రికని చూడండి. ర్యాంకు కోసం పెట్టిన శీర్షిక ఒక్కటీ అక్కడ నా కంట పడలేదు. పాఠకులు పేరు తెలిసే వెళ్తారు.

అమీర్‌పేటలో డిజిటల్ మార్కెటింగ్ పాఠాలు చెప్పే మిత్రుడితో ఈ విషయం మీద గట్టిగానే వాదన జరిగింది. "సెర్చ్ లేకపోతే మీ వదినగారి పేరు టెక్సస్ ఆవిడకి తెలిసేదే కాదు. మరి దాన్ని తిడితే ఎలా?" అన్నాడు. అతని మాటలో నిజం ఉంది. ఆ కామెంటు రాసినావిడ వెతుక్కుంటూనే వచ్చి ఉంటుంది. ఏ చుట్టరికమూ, ఏ గ్రూపూ అక్కర్లేకుండా ఎక్కడో ఉన్న తెలుగు మనిషికి ఒక పల్లెటూరి వంట దొరకడం సెర్చ్ వల్లే సాధ్యమైంది. ఆ మేలు నేను మర్చిపోను.

"పోనీ వాట్సాప్ గ్రూపో, యూట్యూబ్ చానలో పెట్టుకోమంటావా? అవీ వేరేవాళ్లవే కదా?" అని కూడా అడిగాడు. అదీ నిజమే. ఈమెయిల్ ఉత్తరాలంటే మన పాఠకులు అలవాటు పడలేదు, చాలామంది మెయిల్ తెరిచేది ఓటీపీ కోసమే. ఫేస్‌బుక్ 2018లో స్నేహితుల పోస్టులకి ప్రాధాన్యం పెంచినప్పుడు పేజీల మీద ఆధారపడ్డ పత్రికలు ఎంత దెబ్బతిన్నాయో చూశాం. కాబట్టి సెర్చ్ వదిలి ఇంకో కంపెనీని పట్టుకోండి అని నేను చెప్పడం లేదు.

నేను అతనికి చెప్పింది ఇది. టెక్సస్ ఆవిడ వచ్చిన రోజున అక్కడ ఆవ పేరా ఉంది. నూనె రాసుకోమన్న వాక్యం మొదటే ఉంది. రాసింది తెలిసిన మనిషేనని ఆవిడకి అర్థమైంది కాబట్టే తిరిగి చెప్పడానికి కూర్చుంది. పోషకాల పట్టిక ఉన్న పేజీకి వచ్చి ఉంటే అంతసేపు ఉండేది కాదు. సెర్చ్ అందరినీ ఒకే గుమ్మంలోకి తెస్తుంది. లోపలికి వచ్చాక ఏం కనిపించిందన్నదాన్ని బట్టి ఆవిడ మనకి పాఠకురాలవుతుంది, లేదా గ్రాఫులో ఒక చుక్కగా మిగులుతుంది. ర్యాంకు కోసం చేసే పనులు చాలావరకు ఆ రెండోదాన్నే పెంచుతాయి. మిత్రుడు పూర్తిగా ఒప్పుకోలేదు. "మొదట రావాలి కదా" అన్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి అది నిజమైన ఇబ్బందే.

మా వదినను మాత్రం డొమైన్ డబ్బు కట్టమన్నాను. పాత వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్‌లో వెతికితే తీసేసిన పోస్టుల్లో కొన్ని కామెంట్లతో సహా దొరికాయి. అన్నీ దొరకలేదు. దొరికినవి మళ్లీ పెడుతోంది. పొట్టిక్కల పోస్టు కూడా రాస్తానంటోంది.

మొదటి స్థానం కూడా సరిపోని రోజులు

ఇంతవరకు చెప్పినదంతా ర్యాంకు పోతే ఏమవుతుందని. ఇప్పుడు ర్యాంకు ఉన్నా జనం రాని పరిస్థితి వచ్చింది. ఏఐ ఇచ్చే సమాధానం ఫలితాలకి పైనే కనిపిస్తోంది. గూగుల్ దీన్ని 2024 మేలో అమెరికాలో, అదే ఏడాది ఆగస్టులో ఇండియాలో తెచ్చింది. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2025లో అమెరికన్ల బ్రౌజింగ్ పరిశీలించి చెప్పిన లెక్క ప్రకారం, ఏఐ సమాధానం కనపడినప్పుడు కింది ఫలితాల్లో ఒకదాన్ని నొక్కింది 8 శాతం సందర్భాల్లోనే. అది కనపడనప్పుడు 15 శాతం. సమాధానంలోనే ఇచ్చిన మూలాల లింకులు నొక్కడం 1 శాతం. దీన్ని కూడా పాఠకుడి వైపు నుంచి చూస్తే తప్పు పట్టడం కష్టం. పొయ్యి మీద గిన్నె పెట్టుకుని ఎంత నీళ్లు పొయ్యాలని అడిగేవాళ్లకి పేజీ తెరిచే తీరిక ఉండదు.

కానీ మన సైట్లలో ఇప్పటిదాకా ర్యాంకు కోసం రాసిన సరుకేమిటో ఒకసారి గుర్తు చేసుకోండి. ఫలానాది అంటే ఏమిటి, ఉపయోగాలేమిటి, పోషకాలెన్ని. ఏఐ పైనే చెప్పేసేది సరిగ్గా అదే. ఆవ పేరాలాంటివి తీసేసి, పొట్టిక్కలు పక్కనపెట్టి, ఓట్స్ ఉప్మాలు నింపుకున్న సైట్ల దగ్గర ఇక పాఠకుడు వచ్చి చూడాల్సింది ఏమీ మిగల్లేదు. నేను మొదట్లో అన్న నష్టం ఇది. ఎన్నో ఏళ్లు మంచి రోజుల్లో, డబ్బులొస్తుండగా, ఎవరి బలవంతమూ లేకుండా జరిగింది.

నా వాదన ఇమడని చోటు ఒకటుంది. ఈరోజు బంగారం ధర, ఇంటర్ ఫలితాలు, డీఎస్సీ, గ్రూప్స్ నోటిఫికేషన్లు, రైతు భరోసా లిస్టులు. తెలుగులో ఇలాంటి సైట్లు నడిపే కుర్రాళ్లు చాలామంది. ఈ సమాచారానికి పేరు తెలిసి రావడం, అనుభవం పంచుకోవడం లాంటివి వర్తించవు. పాఠకుడికి అంకె కావాలి, తేదీ కావాలి, అంతే. ఖమ్మం నుంచి ఒక అబ్బాయి, "అన్నా, బీటెక్ తర్వాత వచ్చిన జాబ్ వదిలేసి ఇదే ఫుల్‌టైమ్ చేద్దామనుకుంటున్నా, ఫలితాల సీజన్లో జీతం కంటే ఎక్కువే వస్తోంది" అన్నాడు. అతన్ని పొట్టిక్కల గురించి రాయమని చెప్పలేను కదా.

అతనికి చెప్పినవి చాలా మామూలు మాటలు. ఆ డబ్బుని సీజన్ కూలీ కింద లెక్కపెట్టుకో. దాన్ని చూపించి ఈఎంఐ పెట్టుకోవద్దు, ఉద్యోగం వదలొద్దు. నోటిఫికేషన్ వచ్చిన గంటలో వందమంది అదే కాపీ కొడతారు. కానీ పోయినసారి పరీక్ష రాసినవాళ్లు ఎక్కడ పొరపాట్లు చేశారో, అప్లికేషన్‌లో కులధృవీకరణ పత్రం ఏ సైజులో అప్‌లోడ్ చేస్తే రిజెక్ట్ అయిందో, నీకు ఫోన్ చేసేవాళ్లు చెప్తారు. అవి రాసిపెట్టుకో. "వాటిని ఎవరూ వెతకరన్నా" అన్నాడు. ఎవరూ వెతకరు, నిజమే. ఒకసారి చదివి అప్లికేషన్ నిలబెట్టుకున్న కుర్రాడు మాత్రం వచ్చే నోటిఫికేషన్‌కి నీ సైటు పేరు టైప్ చేసుకుని వస్తాడేమో చూడమన్నాను. నమ్మాడో లేదో తెలియదు. ఆలోచిస్తానని పెట్టేశాడు. ఆ వారమే అప్లికేషన్ ఫోటో ఎందుకు రిజెక్ట్ అవుతుందో రాసిన ఒక పోస్టు లింకు పంపాడు. పైన పోషకాల పట్టికలాంటిదేమీ లేదు.